నిద్రపోవాల్సిన గింజలు

పెనుకొండ దగ్గర జాతీయ రహదారిని వెడల్పు చేశాక, దాని రెండు పక్కలా గులకరాళ్లు, తారు పెళ్లలు కలిసిన ఎర్రమట్టి మిగిలింది. నర్సరీల నుంచి తెచ్చి ఎన్నిసార్లు మొక్కలు నాటినా ఎండకు మాడిపోయేవి. కంపచెట్లు, వయ్యారిభామ మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చేవి.

ఊరి బయట మెట్టభూముల మొక్కల మీద పరిశోధన చేసే చిన్న కేంద్రం ఒకటి ఉంది. అందులో సీనియర్ శాస్త్రవేత్త వకుళ. ఆ నేలకు బయటి నుంచి ఏమీ తేనక్కర్లేదని ఆమె నమ్మకం. రోడ్డు పడకముందు అక్కడ పెరిగిన తంగేడు, వెంపలి, పిల్లిపెసర, బోద కసువు అనే గడ్డి, వీటి గింజలన్నీ ఆ మట్టిలోనే నిద్రపోతున్నాయి. లేపితే చాలు.

కొండ మీద కార్చిచ్చు ఆరాక, మొదటి వానకే పచ్చదనం లేవడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. పొగలోనే ఏదో ఉందని ఏళ్ల తరబడి దాని వెంటపడింది. చివరికి పొగలోంచి తీసిన పదార్థాన్ని మార్చి, తేనెరంగు ద్రవం ఒకటి తయారుచేసింది. ఎంత గట్టి పెంకు ఉన్న గింజనైనా, ఎన్నేళ్ల నుంచి పడుకున్న గింజనైనా అది లేపుతుంది. ఇంట్లో భోజనాల దగ్గర దాని గురించి చెబుతుంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు విదుల "మేలుకొలుపు అని పెట్టమ్మా" అంది. అదే పేరు నిలిచిపోయింది.

రోడ్డు పక్క మట్టిని చెక్కపెట్టెలో పోసి, మేలుకొలుపు చల్లి, తడిపి వెళ్లిన తర్వాతి వారం, వకుళ గది తలుపు తీసేసరికి పెట్టె అంచులు కనిపించనంత పచ్చగా ఉంది. అప్పటికే ఇమాంబాషా దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతడు ఆమె కింద పనిచేసే యువ శాస్త్రవేత్త. కాంట్రాక్టు ఉద్యోగం. రెండాకుల మీద ఉండగానే మొలక పేరు చెప్పేస్తాడు.

"ఇది వెంపలి మేడం. ఇది పిల్లిపెసర. ఇది చూడండి, నేలతంగేడు. మా అబ్బ కాలంలో రాలిన గింజ అయ్యుంటాది."

వకుళ ఆ మొలకల మీద అరచెయ్యి ఆనించింది. మెత్తగా, చల్లగా తగిలాయి. కళ్లనీళ్లు వచ్చాయి. ఇమాం అది చూసి, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

*

కేంద్రం డైరెక్టరు శేషాచలపతి ఆ పెట్టెను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"ఎండాకాలంలోనే రోడ్డు ప్రారంభం. మంత్రిగారు వస్తున్నారు. అప్పటికి రెండు పక్కలా ఇట్లా ఉండాలి వకుళా. ఉంటే మన కేంద్రం ఉంటుంది. లేకపోతే దీన్ని మూసేసి ఇంకెందులోనో కలిపేస్తామని ఇప్పటికే అంటున్నారు."

"వానలు రాకముందా సార్?"

"ట్యాంకర్లతో నీళ్లు కొట్టిస్తారు. కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు."

వకుళ సరేనంది. ఈ మాట ఇమాంకూ చెప్పింది. కొన్ని వారాల తర్వాత, అతడు రెండు చేతుల్లో రెండు పెట్టెలు పట్టుకుని ఆమె గదికి వచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది మందు కొట్టని మట్టి మేడం. మొదటి తడికి కొన్నే లేచినాయి. ఎండబెట్టినాను, అవి చచ్చినాయి. మళ్లా తడిపితే ఇంకొన్ని లేచినాయి. మళ్లా ఎండబెట్టినాను, మళ్లా తడిపినాను. ఇంకా లేస్తానే ఉండాయి."

రెండో పెట్టెలో ఏమీ లేదు. మట్టి నెర్రెలు విచ్చి ఉంది.

"ఇది మందు కొట్టింది. ఒకేసారి అన్నీ లేచినాయి. ఎండబెడితే అన్నీ చచ్చినాయి. తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఏమీ రాలే. మట్టి కడిగి వెతికినాను. బతికిన గింజ ఒక్కటి లేదు."

వకుళ వేలితో ఆ నెర్రెలను కదిపి చూసింది.

"నేల అన్నిటినీ ఒకేసారి లేపదు మేడం. ఒక వాన మోసం చేస్తే ఇంకో వానకు లేచేవి ఉండాలని దాచి పెట్టుకుంటాది. మనం ఆ దాచిందంతా ఒక్కసారే పైకి లాగుతాండాం. సగం వదిలేద్దాం. ఒక ముక్కకు కొడదాం, ఒక ముక్కను ముట్టుకోవద్దు. అది కూడా వానలు పట్టుకున్నాకనే."

"ముక్కలు ముక్కలుగా పచ్చగా ఉంటే చూడ్డానికి గజ్జి పట్టినట్టు ఉంటుంది ఇమాం. అది చూపించడానికా మంత్రిగారిని పిలిచేది?"

"మరి ట్యాంకర్లు ఆపేస్తే?"

"ఎందుకు ఆపేస్తారు? వానలు వచ్చేదాకా తడుపుతారు. పూత పూసి, గింజ రాలిస్తే నేలకు మళ్లీ దాని సొత్తు దానికి వస్తుంది. నువ్వు ప్రతిదాంట్లో చెడే చూస్తావు."

ఆమె ఆ రెండు పెట్టెలనూ తీసి కిటికీ కింద నేల మీద పెట్టింది. బల్ల మీద చోటు కావాలన్నట్టుగా. అతడు చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. వంగి ఆ రెండో పెట్టెను కింద పెడుతున్నప్పుడే తెలుసు.

*

ఎండలు మొదలయ్యాక రోడ్డు పొడవునా మేలుకొలుపు కొట్టి, ట్యాంకర్లతో తడిపారు. ఆగి చూసేంత వింతగా ఉండేది ఆ పచ్చదనం. చుట్టూ కొండలు ఎండకు బూడిదరంగులో ఉంటే, రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర పచ్చటి అంచు. లారీలు ఆపి డ్రైవర్లు ఫోటోలు తీసుకున్నారు.

ఆ రోడ్డు పక్కన గొర్రెలు మేపుకునే సుంకమ్మను మాత్రం, ఆ పచ్చదనం చుట్టూ తాళ్లు కట్టి దూరంగా ఉంచారు. ఆమె ఒకరోజు వకుళను చూసి మందను ఆపి దగ్గరికి వచ్చింది.

"ఇంత కసువు నా జల్మలో సూళ్లేదు మేడమ్మా. జీవాలను ఎప్పుడు తోలుకోవచ్చు?"

"వానలు పడ్డాక తోలుకో సుంకమ్మా. అప్పటికి గింజ రాలుతుంది. తర్వాత అంతా నీదే."

"అంతే సాలు తల్లీ" అని సుంకమ్మ గొర్రెలను తిప్పుకుని వెళ్లింది.

ప్రారంభం రోజు విదుల బడి పిల్లలందరినీ తీసుకొచ్చారు. ఆ బడిలో సైన్సు చెప్పే షాహిదా, ఇమాం భార్య. మంత్రిగారు వకుళకు శాలువా కప్పుతుంటే షాహిదా విదుల భుజం తట్టి, "మీ అమ్మ" అంది, తన వాళ్లను చూపించినట్టుగా. ఇమాం జనం వెనకాల ట్యాంకరు పక్కన నిలబడి ఉన్నాడు. వకుళ అతడిని వేదిక మీదకు పిలుద్దామనుకుంది. మైకు చేతికి వచ్చేసరికి డైరెక్టరు పేరు, మంత్రిగారి పేరు చెప్పి దిగిపోయింది.

ఆ వారం దాటకముందే ట్యాంకర్లు రావడం మానేశాయి.

వకుళ కాంట్రాక్టరుకు ఫోను చేసింది. "ప్రారంభం వరకే కదా మేడం నాకు చెప్పింది" అన్నాడతను. డైరెక్టరు దగ్గరికి పోతే చూద్దాం, మాట్లాడదాం అన్నాడు. ఎండలు ముదిరాయి. ఇమాం ఆటోలో డ్రమ్ములు ఎక్కించుకుని, కనీసం కల్వర్టు దగ్గర ఒక్క ముక్కనైనా కాపాడదామని పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాడు. వేడి తారు పక్కన ఆ నీళ్లు ఏ మూలకూ చాలలేదు. పూత పట్టక ముందే మొలకలన్నీ తల వాల్చాయి. తర్వాత ఎండి పొడిపొడి అయ్యాయి. లారీలు పోయినప్పుడల్లా ఆ పొడి లేచి రోడ్డు మీద తిరిగేది.

పేపర్లలో ఫోటోలు వచ్చాయి. శాలువా ఫోటో పక్కనే ఎండిపోయిన రోడ్డు ఫోటో. కమిటీ వేశారు.

కమిటీ కూర్చునే ముందు శేషాచలపతి వకుళను పక్కకు పిలిచాడు. "మందు తప్పంటే కేంద్రం పోతుంది. ట్యాంకర్లు ఆపారంటే పెద్దవాళ్ల మీదకు పోతుంది. మోతాదు ఎక్కువైందంటే అక్కడితో ఆగుతుంది. నువ్వేమీ చెప్పక్కర్లేదు. అడిగినదానికి మాత్రం చెప్పు."

కమిటీ పెద్ద అడిగాడు: "మందు కలిపిందెవరు?"

"ఇమాంబాషా సార్" అన్నాడు డైరెక్టరు.

"మోతాదు మించితే మొక్క మాడిపోతుందా?"

"ఏ మందైనా అంతే కదా సార్."

ఆయన వకుళ వైపు తిరిగాడు. "ఏమ్మా, కలపడమంతా అతని చేతి మీదుగానే జరిగిందా?"

"అవును" అంది వకుళ.

అందులో అబద్ధం లేదు. సరిగ్గానే కలిపాడన్న మాట ఒకటి దాని వెనక రావాలి. గది అవతలి వైపు కూర్చున్న ఇమాం ఆ రెండో మాట కోసం ఆమెనే చూస్తున్నాడు. ఆమె గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టేసరికి కమిటీ పెద్ద వేరే సంగతికి వెళ్లిపోయాడు. ఇమాం చూపు దించి తన చేతుల వైపు చూసుకున్నాడు.

అతని కాంట్రాక్టును పొడిగించలేదు. సామాను తీసుకోవడానికి అతడు వచ్చిన రోజు, వకుళ గది తలుపు వేసుకుని, అతని మోటారు సైకిలు చప్పుడు గేటు దాటేదాకా కదలకుండా కూర్చుంది.

*

వకుళ భర్త గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. వారానికోసారి వస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో తల్లీకూతుళ్లే.

ఒక సాయంత్రం విదుల బడి నుంచి వచ్చి సంచి కింద పెట్టకుండానే అడిగింది. "ఇమాం సార్‌ను మీ అమ్మే తీయించిందంట కదా అంటున్నారు మా క్లాసులో. నిజమేనా?"

"అది కమిటీ చేసిన పని."

"కమిటీ గురించి కాదు నేను అడిగింది."

వకుళ పొయ్యి మీద పాలను చూస్తున్నట్టు అటు తిరిగింది.

"సార్ మందు ఎక్కువ కలిపినాడా అమ్మా?"

"లేదు."

"ఆ మాట నువ్వు చెప్పినావా?"

పాలు పొంగాయి. వకుళ గుడ్డ తీసుకుని తుడవసాగింది. విదుల సంచి భుజం మీంచి దించింది.

"షాహిదా మేడంకు ఇదంతా తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"నిన్న నేను టిఫిన్ డబ్బా మరిచిపోయి పోయినా కదా. ఆమె తన డబ్బాలో సగం నాకు పెట్టింది." విదుల సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి గట్టు మీద పెట్టింది. "తెలిసి కూడా పెట్టింది. నేను నవ్వుకుంటా తినేసినా."

మర్నాడు ఆ పిల్ల బడికి పోనంది. ఎందుకని వకుళ అడగలేదు.

ఆషాఢంలో మంచి వాన పడింది. కొండలు పచ్చబడ్డాయి. పొలం గట్లు పచ్చబడ్డాయి. రైలు పట్టాల పక్కన కూడా కసువు లేచింది. రోడ్డు పక్కన మాత్రం ఎర్రమట్టి అట్లాగే ఉంది. అందులో అక్కడక్కడా, గాలికి వచ్చి పడిన వయ్యారిభామ తెల్లపూలతో ఊగుతోంది.

కల్వర్టు దగ్గర సుంకమ్మ మందతో నిలబడి ఉంది. గొర్రెలు వయ్యారిభామను వాసన చూసి వదిలేస్తున్నాయి.

"మేడమ్మా, కొండ మీద మొలిసె, గట్ల మీద మొలిసె. ఈడ ఏంటికి మొలవలే? మీరు చెప్తిరి గదా, వానలు పడ్డాక తోలుకొమ్మని."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగింది. వకుళ గొడుగు కాడను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

సుంకమ్మ ఆమె ముఖం చూసి ఏమనుకుందో, "పోనీలే తల్లీ, ఏం చేస్తావు. మళ్లా వానకు మొలుస్తాదిలే" అని ఓదార్చింది.

మళ్లీ వానకు కూడా మొలవదని వకుళకు తెలుసు. ఆమె ఆ ఓదార్పు విని తలూపి ఇంటికి వచ్చింది. వినాయక చవితి నాటికి సుంకమ్మ, ఆమె మొగుడు మందను అమ్మేసి బెంగళూరు వెళ్లారని, అక్కడేవో అపార్ట్‌మెంట్లలో పని దొరికిందని తెలిసింది. అప్పుడు కూడా వకుళ ఎవరితోనూ ఏమీ అనలేదు.

*

ఆ తర్వాత శేషాచలపతి మిఠాయి పెట్టెతో ఆమె గదికి వచ్చాడు.

"చూశావా వకుళా! మందు మంచిదే, తప్పు కలిపిన మనిషిదేనని పైన నమ్మారు. ఇంకా కొన్ని జిల్లాల్లో రోడ్లకు కొట్టమంటున్నారు. తర్వాత రాష్ట్రమంతా. నువ్వే ముందుండి నడిపించాలి. రేపు అధికారులకు వివరించాలి, సిద్ధం చేసుకో."

వకుళ మిఠాయి చేతిలో పట్టుకుని కూర్చుంది. కిటికీ కింద ఇమాం తెచ్చిన పెట్టెలు లేవు. ఎవరో ఊడ్చేటప్పుడు బయట పారబోసి ఉంటారు. రాష్ట్రంలోని రోడ్ల వెంట నేల దాచుకున్నదంతా ఆమెకు ఒకేసారి కళ్ల ముందు కనిపించింది. దాన్నంతా ఒక్క ఎండాకాలంలో ఊడ్చేయడానికి కావలసింది ఆమె ఊరుకోవడం ఒక్కటే.

మర్నాడు సమావేశంలో, తెర మీద పచ్చటి రోడ్డు ఫోటో పడగానే వకుళ లేచింది.

"దీని తర్వాతి ఫోటో కూడా వేయండి" అంది. శేషాచలపతి వేయలేదు. ఆమె ఫోటో లేకుండానే చెప్పింది. మేలుకొలుపు ఏం చేస్తుందో, నేల గింజలను ఎందుకు నిద్రపుచ్చి ఉంచుకుంటుందో, ఆ నిద్రను ఒకేసారి చెడగొడితే మిగిలేది ఏమిటో చెప్పింది. "మోతాదు సరిగ్గానే ఉంది. ఇమాంబాషా తప్పు చేయలేదు. అంతా ఒకేసారి కొట్టవద్దని నాకు ముందే చెప్పాడు."

ఒక అధికారిణి కళ్లద్దాలు తీసి అడిగింది. "అంటే మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి కమిటీ ముందు ఎందుకు చెప్పలేదు?"

వకుళ జవాబు కోసం వెతికింది. దొరికినవేవీ నలుగురిలో చెప్పగలిగేవి కావు. శాలువా, మంత్రిగారు, కేంద్రం మూతపడుతుందన్న భయం, తన పేరు. ఎదురుగా ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చూపు తిప్పుకోవడం ఆమె చూసింది. ఆమెను చూడడానికి వాళ్లకే ఇబ్బందిగా ఉంది.

"అతని మీద పడితే నేను తప్పించుకోవచ్చని" అంది చివరికి.

మేలుకొలుపు డ్రమ్ములకు సీళ్లు వేశారు. ఇంకే రోడ్డుకూ కొట్టలేదు. వకుళను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. విచారణ నడుస్తోందన్నారు. ఇమాంబాషాను మళ్లీ చేరమని పిలిచారు.

*

పెనుకొండ బజారులో ఇమాం అన్నకు పరుపుల అంగడి ఉంది. వకుళ పోయేసరికి ఇమాం నేల మీద కూర్చుని పెద్ద సూదితో పరుపు అంచు కుడుతున్నాడు. జుట్టు నిండా దూది నూగు. ఆమెను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు.

"కూర్చోండి మేడం."

ఆమె కూర్చోలేదు. "మళ్లీ రమ్మని పిలిచారట కదా."

"పిలిచినారు. పోను."

"ఎందుకు ఇమాం? నేను అక్కడ ఉండను."

"మీరు లేకపోయినా ఆ గది ఉంటాది కదా మేడం. ఆ గదిలో కూర్చుంటే ఆ పొద్దు మీరన్న 'అవును' వినపడతానే ఉంటాది."

వీధిలో ఆటో ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. వకుళ చేతుల్లో కొంగును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "నన్ను క్షమించమని అడుగుదామని వచ్చాను."

"అడగొద్దు మేడం." అతడు నెమ్మదిగానే అన్నాడు. "అడిగితే నేను ఏదో ఒకటి చెప్పాల. క్షమించనంటే గడపకొచ్చినవాళ్లకు మర్యాద కాదు. సరేనంటే అబద్ధమైతాది."

ఆమె తలూపింది. వెనక్కి తిరిగి మెట్టు దిగుతుంటే అతడు సూదిలో దారం ఎక్కిస్తూ అడిగాడు. "ఆ నేలను ఏం చేస్తారు?"

"మళ్లీ గింజలు వేయాలనుకుంటున్నాను. కొండ మీద నుంచి కోసుకొచ్చి."

"మందు?"

"లేదు. చేత్తోనే."

ఇమాం దారం పళ్లతో తుంచి, మళ్లీ పరుపు అంచు అందుకున్నాడు.

ఆ చలికాలమంతా వకుళ, విదుల సెలవు రోజుల్లో కొండ ఎక్కారు. తంగేడు కాయలు, వెంపలి కాయలు, ఎండిన కసువు వెన్నులు సంచుల్లోకి కోశారు. విదుల తల్లితో తక్కువే మాట్లాడేది. కానీ రానని ఎప్పుడూ అనలేదు. వేసవి చివర్లో ఇద్దరూ వయ్యారిభామను పీకి, కల్వర్టు దగ్గర నుంచి గింజలు వేయడం మొదలుపెట్టారు.

ఒక కారు ఆగింది. ఒకాయన అద్దం దించి పోల్చుకున్నాడు. "మీరు ఆ పచ్చగా చేసిన మేడం కదా? అప్పుడు ఎంత బాగుండెనో! మా పిల్లలకు ఫోటో కూడా తీసినాను. ఇవి ఎప్పుడు మొలుస్తాయి?"

"కొన్ని ఈ వానకు. కొన్ని ఇంకెప్పుడో" అంది వకుళ తలెత్తకుండా. "చాలావాటిని నేను చూడను."

ఆయన ఏమీ అర్థంకానట్టు అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున, కల్వర్టుకు అవతల మోటారు సైకిలు ఆగింది. ఇమాం దిగాడు. వెనక కట్టిన గోతాం విప్పాడు. అందులో కొండ మీద మేసే గొర్రెల పెంటికలు ఉన్నాయి. ఆ పెంటికల్లో అడవి గింజలు ఉంటాయి. అతడు వకుళ వైపు రాలేదు. పలకరించలేదు. గింజలు వేస్తున్న సాలుకు అవతలి కొస నుంచి మొదలుపెట్టి, వంగి, చిన్న చిన్న గుంటలు తీస్తూ పోయాడు. వకుళ ఇటు కొస నుంచి వేస్తూనే ఉంది. ఇద్దరి మధ్యా లారీలు లేపిన దుమ్ము. ఎండ ఎక్కింది.

విదుల సీసాతో నీళ్లు తీసుకుని అతని దగ్గరికి పోయింది. అతడు తాగి, సీసా తిరిగి ఇచ్చి, అప్పటిదాకా వకుళ వేసిన సాలు వెంబడి నాలుగడుగులు నడిచి, వేలితో ఒక గుంటలో మట్టి కదిపి చూశాడు. విదులతో ఏదో అన్నాడు. ఆ పిల్ల తల్లి దగ్గరికి వచ్చింది.

"ఇంత లోతు వేయొద్దంట అమ్మా. వాన పడింది అని గింజకు తెలియాలంట. అమ్మకు చెప్పు అన్నాడు."

వకుళ తలెత్తి చూసింది. ఇమాం అప్పటికే తన కొసకు వెళ్లి, ఇటు వీపు పెట్టి వంగి ఉన్నాడు.

"సరే అని చెప్పు" అంది.

విదుల మళ్లీ ఆ ఎండలో అటు నడిచింది. వకుళ సాలు మొదటికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, పొద్దున్నుంచీ పూడ్చిన గుంటలను ఒక్కొక్కటే చేతులతో తవ్వి, గింజలను పైకి తీయడం మొదలుపెట్టింది.